తిరుగు బండి చూసుకుని దిగండి: జపాన్ శాఖామార్గంలో ఒక చిన్న స్టేషన్‌కు వెళ్ళి రావడం

నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు ప్రాంతాల నుంచి పిల్లలు జపాన్‌లో ఉద్యోగాలకు వెళ్ళడం, వారిని చూడటానికి తల్లిదండ్రులు రెండు మూడు నెలలు అక్కడ ఉండి రావడం ఇప్పుడు వింతేమీ కాదు. వెళ్ళినవారందరూ టోక్యో చూస్తారు, ఫుజి పర్వతం చూస్తారు, బుల్లెట్ రైలు పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఇవన్నీ అయ్యాక పిల్లలు ఆఫీసులకు వెళ్ళిన పగటివేళ ఇంట్లో ఏం చేయాలో తోచని రోజులు కొన్ని మిగులుతాయి. అలాంటి రోజుల్లో కొండల మధ్యనో సముద్రం ఒడ్డునో ఉన్న ఒక చిన్న రైల్వే స్టేషన్‌కు వెళ్ళి రావాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మాయి యోకొహామాలో పనిచేస్తున్నందువల్ల నేను రెండు పర్యాయాలు ఆ దేశంలో ఉన్నాను. పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుని బిట్రగుంట నుంచి నెల్లూరు దాకా ఒక్కొక్క స్టేషను పేరు చదువుకుంటూ వెళ్ళడం ఇష్టమైన వారికి ఈ ప్రయాణం తప్పక నచ్చుతుంది. అయితే మన పద్ధతిలో వెళితే మాత్రం ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బంది ఎక్కడెక్కడ వస్తుందో, దాన్ని ఎలా దాటాలో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా, అక్కడి చిన్న స్టేషన్ ఎలా ఉంటుందో తెలియాలి. మన తలమంచిలోనో తెట్టులోనో ఎక్స్‌ప్రెస్ ఆగకపోయినా స్టేషన్ మాస్టరు ఉంటాడు, జెండా ఊపే మనిషి ఉంటాడు, టికెట్టు ఇచ్చే కిటికీ ఉంటుంది. జపాన్ శాఖామార్గాల్లోని స్టేషన్లలో చాలా వాటిలో రైల్వే ఉద్యోగి ఒక్కరు కూడా ఉండరు. వీటిని అక్కడివారు ‘ముజిన్ ఎకి’ అంటారు. ‘ఎకి’ అంటే స్టేషను, ‘ముజిన్’ అంటే మనుషులు లేనిది. ఒకే ప్లాట్‌ఫారం, ఒక చిన్న గది, గదిలో ఒక బల్ల, గోడకు ఒక టైంటేబుల్, అంతే. బండి కూడా ఒకటి రెండు పెట్టెల డీజిల్ బండి. పట్టాల మధ్య వెడల్పు 1,067 మిల్లీమీటర్లు, అంటే మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజీ కంటే బాగా తక్కువ, పాత మీటరుగేజీ కంటే కొంచెం ఎక్కువ. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే మీటరుగేజీ బండ్లు ఎక్కిన గిద్దలూరు, దొనకొండ వైపు పెద్దలకు ఆ పెట్టె లోపలి ఇరుకు చూడగానే పాత రోజులు గుర్తుకు వస్తాయి.

ఏ స్టేషన్‌కు వెళ్ళాలి

ఈ మాట ఎత్తగానే మనవాళ్ళు చాలామంది, ఒకే ఒక్క స్కూలు పిల్ల కోసం నడిపిన స్టేషన్‌కు వెళదాం అంటారు. వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న కథ అది. హొక్కైదో దీవిలో, సెకిహొకు మార్గం మీద, క్యూ షిరతకి అనే స్టేషను నిజంగానే ఉండేది. అక్కడి నుంచి ఒక విద్యార్థిని రోజూ బడికి వెళ్ళిన మాటా నిజమే. కానీ ఆమె కోసమే బండి వేళలు కట్టారనీ, ఆమె చదువు అయ్యేదాకా మూయకుండా ఆపారనీ చెప్పుకునే భాగం అల్లిక. ఎక్కేవారు లేక ఆ స్టేషన్‌ను, పక్కనున్న మరి రెండింటిని 2016 మార్చిలో టైంటేబుల్ మార్పుతో పాటు మూసివేశారు. జపాన్‌లో విద్యా సంవత్సరం కూడా మార్చిలోనే ముగుస్తుంది కనుక ఆ రెండూ ఒకే సమయానికి కలిసి వచ్చాయి. పైగా మన ఫోన్లలోకి వచ్చిన కథలో స్టేషను పేరు కామి షిరతకి అని తప్పుగా ఉండేది. ఏ పేరుతో వెతికినా నేడు అక్కడ ఆగే బండి లేదు.

దీన్నిబట్టి మొదటి జాగ్రత్త ఏమిటంటే, ఎంచుకున్న స్టేషన్‌లో ఇప్పటికీ బండి ఆగుతున్నదో లేదో చూసుకోవడం. ఫొటోలను నమ్మకూడదు, పాత వ్యాసాలను అసలే నమ్మకూడదు. క్యూషూ దీవిలోని హిసత్సు మార్గం కొండల్లో మెలికలు తిరుగుతూ ఎక్కే అందానికి పేరుపొందింది. 2020 జూలై వరదల్లో కుమా నది పొంగి ఆ మార్గాన్ని దెబ్బతీసిన తర్వాత అందులో చాలా భాగం మీద బండ్లు ఆగిపోయాయి. కొన్ని స్టేషను గదులు మాత్రం నిలిచే ఉన్నాయి, బొమ్మల్లో ఇంకా అందంగానే కనబడతాయి. బొమ్మ చూసి బయలుదేరితే కారు మాట్లాడుకుని వెళ్ళవలసి వస్తుంది, అప్పుడది రైలు ప్రయాణమే కాదు.

పిల్లి స్టేషన్ మాస్టరుగా ఉన్న ఊరు గురించి కూడా చాలామంది అడుగుతారు. అది వకయామా నగరం నుంచి 14.3 కిలోమీటర్లు సాగే కిషిగవా మార్గం చివరనున్న కిషి స్టేషను. 2007లో తామా అనే పిల్లిని అక్కడ స్టేషన్ మాస్టరుగా నియమించారు. 2015లో అది చనిపోయాక ఆ కొలువు ఇతర పిల్లులకు వచ్చింది. స్టేషను కప్పు కూడా పిల్లి ముఖం ఆకారంలో ఉంటుంది. మనవలు వెంట ఉంటే అక్కడికి వెళ్ళండి. ఒంటరిగా, నిదానంగా చూడాలనుకునే వారికి అక్కడ జనం ఎక్కువ అనిపించవచ్చు.

టోక్యో, యోకొహామా ప్రాంతంలో ఉండేవారు ముందు అభ్యాసం కోసం వెళ్ళవలసినది ఉమి షిబావురా అని నా అభిప్రాయం. ‘ఉమి’ అంటే సముద్రం. టోక్యోకు, యోకొహామాకు మధ్యలో ఉన్న త్సురుమి అనే స్టేషన్‌లో మారి, త్సురుమి మార్గం బండి ఎక్కితే పది పన్నెండు నిమిషాల్లో చేరవచ్చు. సముద్రాన్ని పూడ్చి ఫ్యాక్టరీలు కట్టిన నేల మీదుగా ఈ మార్గం పోతుంది. ఆ పూడిక పనికి నాయకత్వం వహించిన పారిశ్రామికవేత్త అసానో పేరే ఒక స్టేషన్‌కు పెట్టారు. ఆ అసానో దగ్గర చీలి 1.7 కిలోమీటర్లు పోయే చిన్న కొమ్మ చివరిదే ఉమి షిబావురా. 1940లో తెరిచారు. ప్లాట్‌ఫారం అంచున కటకటాలు, కటకటాల కింద నీళ్ళు. కృష్ణపట్నం రేవు చూసిన కళ్ళకు చుట్టూ కనిపించే ఫ్యాక్టరీలు కొత్త కాకపోవచ్చు. కానీ బండి దిగిన చోటే కాళ్ళ కింద సముద్రం ఉండటం ఎవరికైనా కొత్తే. ఇక్కడి విశేషం మరొకటి ఉంది. స్టేషను నుంచి బయటకు పోయే ఒకే ఒక్క దారి తోషిబా ఫ్యాక్టరీ గేటులోకి పోతుంది కనుక అక్కడ పనిచేసేవారు, అనుమతి ఉన్నవారు తప్ప ఇతరులు బయటకు పోలేరు. మనలాంటివారి కోసం ఆ కంపెనీ స్టేషనుకు ఆనుకుని ఒక చిన్న పార్కు కట్టించింది. అక్కడ కూర్చుని త్సురుమి త్సుబాసా వంతెనను చూడవచ్చు, గేటు వైపు కెమెరా తిప్పకూడదు. ఉదయం, సాయంత్రం ఉద్యోగుల కోసం బండ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పగలు మాత్రం రెండు బండ్లకు మధ్య చాలాసేపు ఎడం ఉండవచ్చు. దిగినవారు వచ్చిన బండిలోనే పది నిమిషాల్లో తిరిగి పోవాలా, తర్వాతి దాని దాకా ఉండాలా అని బండి ఎక్కకముందే నిర్ణయించుకోవాలి. ఈ నిర్ణయం చేయడం అలవాటైతే మిగిలిన జపాన్ శాఖామార్గాలన్నీ మీకు సులభం.

తిరిగి వచ్చేటప్పుడు అదే మార్గంలో కొకుదో అనే స్టేషన్‌లో ఒకసారి దిగండి. 1930లో కట్టిన కమానుల కింద చీకటిగా, పాతకాలపు అంగడి వీధిలా ఉంటుంది. యుద్ధకాలంలో విమానాల నుంచి కాల్చిన గుండ్ల గుర్తులు బయటి గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి.

టైంటేబుల్ ముందు, టికెట్టు తర్వాత

మన దగ్గర ఒక బండి తప్పితే ఇంకొకటి, అదీ లేకపోతే జాతీయ రహదారి మీదికి పోయి చెయ్యెత్తితే ఆర్టీసీ బస్సో షేర్ ఆటోయో ఆగుతుంది. ఈ భరోసా మన రక్తంలో ఉంది. దాన్ని ఇంటి దగ్గరే వదిలి బయలుదేరాలి. నేను మొదటిసారి ఒక పల్లెటూరి మార్గంలో, కిటికీలోంచి కనిపించిన చెక్క గది ముచ్చటగా ఉందని ముందువెనుకలు చూడకుండా దిగాను. బండి వెళ్ళాక గోడ మీది టైంటేబుల్ చూస్తే తర్వాతి బండికి మూడు గంటల పదిహేను నిమిషాలు ఉంది. చుట్టుపక్కల టీ కొట్టు లేదు, ఆటో లేదు, ఆ గదిలో సాలెపురుగు తప్ప పలకరించే ప్రాణి లేదు. అందుకే చెబుతున్నాను, అక్కడ ముందు తిరుగు బండి వేళ కాగితం మీద రాసుకుని, దాని నుంచి వెనక్కి లెక్కకట్టి, ఏ బండికి దిగాలో నిర్ణయించాలి.

గోడ మీది టైంటేబుల్ చదవడం కష్టం కాదు. ఎడమవైపు నిలువుగా గంటలు 5 నుంచి 23 దాకా ఉంటాయి, ఒక్కొక్క గంటకు ఎదురుగా అడ్డంగా నిమిషాలు ఉంటాయి. 13కు ఎదురుగా 5 అని ఉంటే మధ్యాహ్నం ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకు బండి అని అర్థం. గంటకు ఎదురుగా ఖాళీ ఉంటే ఆ గంటలో బండి లేదు. శాఖామార్గాల్లో ఖాళీలే ఎక్కువ కనబడతాయి. మామూలు రోజులకు, శని ఆదివారాలకు, సెలవులకు వేర్వేరు పట్టికలు ఉండవచ్చు, వాటిని సాధారణంగా రంగుతో వేరుచేస్తారు. మామూలు రోజును ‘హేజిత్సు’ అంటారు. మన అప్, డౌన్ లాగానే అక్కడ ‘నొబొరి’, ‘కుదారి’ అంటారు, టోక్యో వైపు పోయేది నొబొరి. ఫోనులోని మ్యాపు బండి వేళలను బాగానే చూపుతుంది గానీ, కొండ ప్రాంతంలో వాన వల్లో మంచు వల్లో ఆ రోజు బండి రద్దయిన సంగతి దానికి ఆలస్యంగా తెలియవచ్చు. కనుక ఆ మార్గాన్ని నడిపే సంస్థ వెబ్‌సైటులో బయలుదేరే రోజు ఉదయం ఒకసారి చూడండి, లేదా పిల్లలచేత చూపించండి.

టికెట్టు విషయంలో మనవాళ్ళు తరచుగా చిక్కుకునేది కార్డు దగ్గర. టోక్యోలో సుయికా కార్డు తాకించి లోపలికి పోవడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. అదే కార్డుతో ఎక్కి, కార్డు యంత్రం లేని పల్లె స్టేషన్‌లో దిగితే, లోపలికి వచ్చిన లెక్క కార్డులో తెరిచే ఉండిపోతుంది. ఛార్జీ నగదుగా చెల్లించి, ఆ తర్వాత ఉద్యోగులున్న స్టేషన్‌కు వెళ్ళి ఆ లెక్క మూయించుకునేదాకా ఆ కార్డు ఏ గేటులోనూ పనిచేయదు. దూరం పోయేటప్పుడు బయలుదేరిన చోటే చివరిదాకా కాగితం టికెట్టు కొనుక్కోవడం మంచిది. సెలవుల కాలంలో ‘సెయిషున్ 18’ అనే టికెట్టు అమ్ముతారు. పేరులో 18 ఉన్నా వయసుతో సంబంధం లేదు, అరవై దాటిన నేనూ కొన్నాను. 2024 శీతాకాలం నుంచి దాన్ని వరుసగా మూడు రోజులకు 10,000 యెన్‌లకు, అయిదు రోజులకు 12,050 యెన్‌లకు అమ్ముతున్నారు. జేఆర్ (జపాన్ రైల్వే) సంస్థల మామూలు బండ్లన్నీ దానితో ఎక్కవచ్చు, బుల్లెట్ రైలు, ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు. ఒక్క రోజు ప్రయాణానికి అది దండగ.

బండి ఎక్కే పద్ధతి, డబ్బు కట్టే పద్ధతి

శాఖామార్గంలో బండిని సాధారణంగా డ్రైవరు ఒక్కడే నడుపుతాడు, గార్డు ఉండడు. దీన్ని ‘వన్‌మాన్’ అనే ఇంగ్లీషు మాటతోనే పిలుస్తారు. మన ఆర్టీసీలో కండక్టరు లేకుండా డ్రైవరే టికెట్టు కొట్టే నాన్‌స్టాప్ బస్సు ఎక్కినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తేడా అంతా చిన్న చిన్న వివరాల్లో ఉంది.

మనుషులు లేని స్టేషన్‌లో రెండు పెట్టెల బండి ఆగినా, సాధారణంగా ముందు పెట్టె తలుపులే తెరుచుకుంటాయి. ఆ పెట్టె వెనుక తలుపు ఎక్కడానికి, డ్రైవరు పక్కనున్న ముందు తలుపు దిగడానికి. తలుపులు వాటంతట అవి తెరుచుకోవు. తలుపు పక్కన బొత్తాము వెలిగినప్పుడు నొక్కాలి. ఎక్కాక, ముఖ్యంగా చలికాలంలో, లోపలి బొత్తాముతో తలుపు మూయడం మర్యాద. మన పాసింజరులో తలుపు దగ్గర గాలికి నిలబడే అలవాటు ఉన్నవారు ఇది గుర్తుపెట్టుకోవాలి, మీ వెనుక మంచుగాలి వస్తుంటే కూర్చున్న ముసలివారు ఏమీ అనరు గానీ ముడుచుకుపోతారు.

ఎక్కగానే తలుపు పక్కన చిన్న పెట్టెలోంచి ఒక కాగితం ముక్క వస్తుంది. దాని పేరు ‘సెయిరికెన్’. దాని మీద ఒక అంకె ఉంటుంది, మీరు ఎక్కిన స్టేషను గుర్తు అది. డ్రైవరు తల పైన ఉన్న పలక మీద ఆ అంకె కింద ఛార్జీ కనబడుతుంది, బండి ముందుకు పోయే కొద్దీ అది పెరుగుతూ ఉంటుంది. మీరు దిగే స్టేషన్ వచ్చేసరికి మీ అంకె కింద ఎంత ఉంటే అంత కట్టాలి. ఉద్యోగులు ఉన్న స్టేషన్‌లో టికెట్టు కొని ఎక్కినవారికి ఈ కాగితం అవసరం లేదు, దిగేటప్పుడు టికెట్టు డ్రైవరుకు చూపి పెట్టెలో వేస్తే సరిపోతుంది. కాగితం తీసుకోకుండా, టికెట్టూ లేకుండా కూర్చున్నవారు మాత్రం ఎక్కడ ఎక్కారో చెప్పి నమ్మించాలి, భాష రానివారికి అది పెద్ద పని.

డబ్బు పెట్టె దగ్గర చాలామంది తడబడతారు. ఛార్జీ వేసే చోటు వేరు, చిల్లర మార్చే చోటు వేరు, రెండూ ఒకే యంత్రంలో ఉంటాయి. ఛార్జీ వేసే చోట ఎక్కువ డబ్బు వేస్తే చాలా యంత్రాలు మిగిలినది తిరిగి ఇవ్వవు. ముందు వెయ్యి యెన్ నోటునో, 500 యెన్ నాణేన్నో మార్చుకునే చోట పెట్టి చిల్లర తీసుకుని, అందులోంచి సరిగ్గా లెక్కపెట్టి ఛార్జీని సెయిరికెన్‌తో పాటు వేయాలి. పదివేల నోటు, అయిదువేల నోటు మారవు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లను, 2021లో వచ్చిన కొత్త 500 నాణేన్ని పాత యంత్రాలు కొన్ని తీసుకోకపోవచ్చు. నేను చేసే ఉపాయం ఏమిటంటే, ముందురోజే ఏదైనా దుకాణంలో నీళ్ళ సీసా కొని పెద్ద నోటు మార్చుకుని, వంద, యాభై, పది నాణేలు ఒక చిన్న గుడ్డ సంచిలో వేసి చేతిలో పెట్టుకోవడం. చిల్లర మార్చడం బండి ఆగి ఉన్నప్పుడు చేయాలి, కదులుతున్నప్పుడు లేచి ముందుకు నడిస్తే డ్రైవరు మైకులో కూర్చోమంటాడు. ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు సగం ఛార్జీ.

మాట రాదని భయపడనవసరం లేదు. జపాన్ వాక్యం మన వాక్యం లాగే క్రియతో ముగుస్తుంది, ప్రశ్న గుర్తు కూడా మనకు మల్లే చివరనే వస్తుంది. ‘కొరె వా హయతో ని తొమారిమాసు కా’ అంటే ‘ఇది హయతోలో ఆగుతుందా’ అని. ‘తొమారిమాసు కా’కు ‘ఆగుతుందా’ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. స్టేషను పేరు మార్చి ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే సగం పని అయినట్లే.

తదామి మార్గంలో ఒక రోజు

అభ్యాసం అయ్యాక నిజమైన శాఖామార్గం చూడాలంటే నేను తదామి మార్గమే చెబుతాను. ఫుకుషిమా రాష్ట్రంలోని ఐజు వకమత్సు నుంచి నీగతా రాష్ట్రంలోని కొయిదె వరకు 135.2 కిలోమీటర్లు, తదామి నదిని మళ్ళీ మళ్ళీ దాటుతూ పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు నాలుగున్నర నుంచి అయిదు గంటలు. అలా మొత్తం దూరం పోయే బండ్లు రోజుకు ఒక్కొక్క దిక్కున మూడే. టోక్యో నుంచి బుల్లెట్ రైలులో కొరియామాకు సుమారు గంటా ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి మామూలు బండిలో ఇంకొక గంటా పది నిమిషాలు పోతే ఐజు వకమత్సు వస్తుంది. ఒక్కరోజులో పోయి రావాలనుకోకుండా ముందురోజు రాత్రికే ఐజు వకమత్సు చేరి అక్కడ పడుకోవడం మంచిది.

ఈ మార్గం బతికి ఉండటం వెనుక ఉన్న కారణం మనకు ఆసక్తి కలిగిస్తుంది. 1980లలో నష్టాల్లో మునిగిన జపాన్ జాతీయ రైల్వే, జనం తక్కువగా ఎక్కే శాఖామార్గాలను ఏరి మూసింది. తదామి మార్గంలో జనం తక్కువే అయినా, ఎగువ కొండల మీదుగా పోయే రోడ్డు మంచు వల్ల శీతాకాలమంతా మూతపడుతుంది కనుక, రైలు తప్ప మరో దారి లేదని దీన్ని మూయకుండా వదిలిపెట్టారు. ఆ తర్వాత 2011 జూలైలో కుండపోత వానకు నది పొంగి వంతెనలు కొట్టుకుపోయాయి. ఐజు కవగుచి నుంచి తదామి దాకా 27.6 కిలోమీటర్ల మీద బండి మళ్ళీ నడిచింది 2022 అక్టోబరు 1న, అంటే పదకొండేళ్ళ తర్వాత. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర మన పట్టాలు కోసుకుపోతే రోజుల్లోనే బండ్లు నడిపించారు. చెన్నై, విజయవాడల మధ్య ప్రధాన మార్గం కనుక అక్కడ ఆలోచించవలసిన పనే లేదు. తదామిలో మాత్రం, ఇంత కొద్దిమంది కోసం ఇంత ఖర్చు పెట్టాలా అనే ప్రశ్నకే ఏళ్ళు పట్టింది. చివరకు ఆ ముక్కలో పట్టాలు, వంతెనల సొత్తు బాధ్యత ఫుకుషిమా రాష్ట్రం తీసుకుని, బండి నడపడం మాత్రం రైల్వే సంస్థకు వదిలింది. ఈ సంగతి తెలిసి ఆ వంతెనల మీదుగా పోతే కిటికీ బయటి దృశ్యం వేరుగా కనబడుతుంది.

దిగవలసిన స్టేషను హయతో. ఒక చిన్న ప్లాట్‌ఫారం, పక్కనే నది. వేసవి తెల్లవారుజామున, సాయంత్రం చల్లని నీటి మీద పొగమంచు పరుచుకుంటుంది. నడక దూరంలో వేడినీటి బుగ్గల స్నానశాల ఉంది. దానిలోకి బట్టలు లేకుండానే దిగాలి, ఆడవారికీ మగవారికీ విడివిడిగా ఉంటుంది, సిగ్గుపడేవారు బయట కూర్చుని నదిని చూడవచ్చు. చలికాలం తప్ప మిగతా కాలంలో ముందుగా చెప్పి ఉంచితే, ముగెన్‌క్యో అనే చోట తెడ్డు పడవలో నది మీద తిప్పుతారు. స్నానమో పడవో ఏదో ఒకటే పెట్టుకోండి, రెండూ పెట్టుకుంటే తిరుగు బండి దగ్గరకు పరుగెత్తవలసి వస్తుంది. నదికి మరీ దగ్గరగా ఉండే మరో స్టేషను ఐజు కవగుచి. అక్కడ ఎదురుబండి కోసం ఆగే బండ్లు ఉన్నాయి కనుక దిగకుండానే ప్లాట్‌ఫారం మీద నాలుగు అడుగులు వేయవచ్చు. చాలామంది ఫొటోల్లో చూసిన మొదటి నంబరు వంతెన బండిలోంచి కనబడదు, ఎందుకంటే మీరు దాని మీదే ఉంటారు. అది చూడాలంటే మిషిమా ఊరి రహదారి విశ్రాంతి కేంద్రం దగ్గరి నుంచి కొండ మెట్లు ఎక్కాలి.

డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ మంచు మనిషి ఎత్తు దాటుతుంది. మన జిల్లాల్లో చలి అంటే మార్గశిరంలో దుప్పటి కప్పుకునేంత. ఆ లెక్కతో స్వెట్టరు వేసుకుని పోతే ప్లాట్‌ఫారం మీద అరగంట నిలబడలేరు, పైగా బండ్లు రద్దయ్యే రోజులు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. మొదటిసారికి అక్టోబరు చివర, నవంబరు మొదలు సరైన కాలం, కొండలు ఎర్రబడి ఉంటాయి. ఆ కాలంలో ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి. ఊళ్ళో అమ్మే చిన్న గంట సంచికి కట్టుకోవాలి, చీకటి పడే వేళకు స్టేషన్ దాటి అడవిబాటలో నడవకూడదు.

స్టేషన్‌లో ఉన్నంతసేపు

పట్టాలు దాటకండి. మన దగ్గర రెండో ప్లాట్‌ఫారం నుంచి మొదటిదానికి దూకి పోవడం అందరూ చేస్తారు, అక్కడ అది చట్టవిరుద్ధం. దాటడానికి గుర్తుపెట్టిన చోటు ఉంటే అక్కడే, రెండు వైపులా చూసి దాటాలి. ప్లాట్‌ఫారం అంచున పసుపు పచ్చని గరుకు పలకలు ఉంటాయి, వాటికి ఇవతల నిలబడాలి. చూపు లేనివారి కోసం ఈ పలకలను కనిపెట్టినది జపానే, 1967లో ఒకయామా నగరంలో మొదట పరిచారు. ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు స్టేషన్లలో మనం తొక్కుకుంటూ పోయేవి కూడా వాటి సంతతే.

చాలా చిన్న స్టేషన్ల గదుల్లో, వచ్చినవారు రాసిపోయే ఒక నోటుపుస్తకం ఉంటుంది. అందులో తేదీ, ఊరు, రెండు మాటలు తెలుగులోనే రాయండి. నేను ఉలవపాడు మామిడికాయ బొమ్మ కూడా వేసి వచ్చాను. ఉద్యోగులున్న పెద్ద స్టేషన్లలో రబ్బరు ముద్ర ఉంటుంది. ఈ ముద్రల ఆచారం 1931లో ఫుకుయి స్టేషన్‌లో మొదలైంది. తెల్లకాగితాల పుస్తకం వెంట ఉంచుకుని ముద్ర వేసుకోవచ్చు.

తిండి సంగతి తేలిక. ఇంటి దగ్గరే పులిహోర, పెరుగన్నం కట్టుకుని పోండి. శాకాహారులకు ఇది మరీ అవసరం, కూరగాయల వంటకంలా కనిపించినా దాని రసం చాలాచోట్ల ఎండు చేపతో కాచినదై ఉంటుంది. ఎదురెదురు సీట్లున్న పల్లె బండిలో తింటే ఎవరూ ఏమీ అనుకోరు, నగరం బండిలో తినకూడదు. చెత్తబుట్టలు ఉండవు, తిన్న ఆకూ కాగితమూ సంచిలో పెట్టుకుని ఇంటికే తేవాలి. మరుగుదొడ్డి బండిలో ఉందో లేదో ఎక్కగానే చూసుకోండి.

తిరుగు బండి వేళకు పది నిమిషాల ముందే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, ‘వన్‌మాన్’ అని గుర్తు రాసిన చోటు ఉంటే అక్కడ, లేకపోతే పొద్దున మీరు దిగిన తలుపు ఆగిన చోటికి దగ్గరలో, డ్రైవరుకు కనబడేలా నిలబడండి. గది లోపల కూర్చుని ఫోను చూస్తుంటే ఎక్కేవారు లేరనుకుని బండి వెంటనే కదలవచ్చు. ఎక్కి, సెయిరికెన్ తీసుకుని, తలుపు మూసి కూర్చోండి. ఐజు వకమత్సు లాంటి ఉద్యోగులున్న స్టేషన్‌లో దిగేటప్పుడు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి, డ్రైవరుకు డబ్బు ఇవ్వనవసరం లేదు. ఆ కాగితం ముక్కను గేటు దగ్గరి ఉద్యోగికి ఇస్తే ఆయన లెక్క చూసి ఛార్జీ చెబుతాడు. అక్కడ మాత్రం పదివేల నోటు ఇచ్చినా చిల్లర దొరుకుతుంది.